గుడ్డకు దొడ్డి లేదు

ఆళ్లగడ్డలో మద్దిలేటి తాతకు రోత పుట్టించని వస్తువులు రెండే రెండు. ఆ రెండూ ఆయన కోలలు. మిగిలిన లోకమంతా ఆయన ‘థూ’ కిందికే వచ్చేది. ఉండ కట్టిన సంగటి థూ. నంద్యాల బస్సు థూ, దాన్ని బీడీ కాలుస్తూ నడిపే డ్రైవరు ఇంకొక థూ. కర్నూలు రాజధాని అయిందని ఊళ్లో పటాసులు కాలిస్తే, ఆ పొగ కూడా ఆయనకు నచ్చలేదు. భార్య రంగమ్మ పొద్దున్నే వాకిలి అలకబోయే ముందు, "ఉమ్మేదేమన్నా ఉంటే ఇప్పుడే ఉమ్ముకో అయ్యా, అలికినాక ఉమ్మితే ఊరుకోను" అని చెప్పి మరీ పేడ కలిపేది.

అయితే అన్నింటికంటే ఎక్కువగా ఆయనకు రోత పుట్టించే మాట ఒకటుంది. ‘ఎట్ల చేసినా ఒకటే కదప్పా’ అనే మాట. అది చెవిన పడితే చాలు, ఆయన మీసం ఒక వైపు లేచేది. రెండో వైపు మీసానికి మొదట్నించీ బద్ధకం.

"ఒకటే ఏందిరా ఒకటే? నూనె పెట్టుకొని నీళ్లు పోసుకునేదీ, నీళ్లు పోసుకొని నూనె పెట్టుకునేదీ ఒకటేనా? చొక్కా తొడుక్కొని గుండీలు పెట్టుకునేదీ, గుండీలు పెట్టి చొక్కా తొడుక్కునేదీ ఒకటేనా?"

"రెండోదానికి తలకాయ చిన్నదుండాలన్నా. నీకైతే సరిపోతుంది" అనేవాడు గురుస్వామి. కోలాట దళంలో ఆయన పక్కన నిలబడే మనిషి. ఆయనతో అట్లా మాట్లాడి బతికి బట్టకట్టిన మగవాడు అతనొక్కడే.

మద్దిలేటిది నల్లరేగడి సేద్యం. జొన్నలు, పత్తి. పొద్దు వాలితే మాత్రం కోలాటం గురువు. కోలాటంలో ఒక్కో నడకను ఒక్కో కోపు అంటారు. ఆయన గురువు ఆయనకు నేర్పింది జడకోలాటం. నడుమ ఒక గుంజ పాతి, దాని తలకు ఎనిమిది రంగుల గుడ్డలు కడతారు. చుట్టూ ఎనిమిది మంది నిలబడి, తలా ఒక గుడ్డ కొసను నడుముకు కట్టుకుంటారు. కోలలు కొడుతూ ఒకరి చోటికి ఒకరు మారేకొద్దీ పైనున్న గుడ్డలు అల్లుకుంటూ ఆడపిల్ల జడలాగా కిందికి దిగుతాయి. అది సగం ఆటే. వచ్చిన దారినే వెనక్కి నడిచి, చివర వేసిన కోపును ముందు విప్పుతూ, మొదట వేసినదాన్ని చివర విప్పుతూ, జడను మళ్లీ విడి గుడ్డలుగా చేసినప్పుడే ఆట ముగిసినట్టు.

ఈ వరుసలో ఒక కట్టుబాటు ఉంది. జడ చిక్కుపడి కత్తెర తగిలిందంటే, గురువు తన కోలలు నేల మీద దించాలి. మళ్లీ ఆ జన్మలో వాటిని ముట్టకూడదు. మద్దిలేటి గురువు, ఆయన గురువు, అంతకు ముందు గురువు ఎవరూ దించలేదు. చండ్రకర్రతో చేసిన ఆ కోలలు చేతులు మారి మారి నున్నబడి, ఆయన ఇంట్లో దేవుని పటం పక్కనే కొక్కేనికి వేలాడేవి. దేవుని పటాన్ని వారానికొకసారి తుడిచేవాడు. కోలలను రోజూ తుడిచేవాడు.

ఒక ఎండాకాలం నంద్యాల నుంచి నరసింహులు అనే గురువు దళంతో వచ్చి ఆళ్లగడ్డ బజారులో ఆడాడు. పట్టుపంచె, వేలికి ఉంగరం, నలభై కోపులు తెలిసినవాడని పేరు. మద్దిలేటి చెనక్కాయల బస్తా మీద కూర్చొని, తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని, ఆటంతా చూశాడు. ఇంటికి రాగానే రంగమ్మ ఎండబెట్టుకున్న చింతగింజల్లో చెయ్యి పెట్టాడు.

"ఇట్ల రా మే. నలభై కోపులంట. థూ!"

"ఉమ్మితే ఆపక్కకు తిరిగి ఉమ్ము. అవి వేయించుకునేటివి."

ఆయన నాలుగు గింజలు ఏరాడు. ఒకటి నల్లది, ఒకటి ఎర్రది, ఒకటి తొక్క ఊడినది, ఒకటి పుచ్చినది. నాలుగు మూలలుగా పెట్టాడు.

"వీళ్లు నలుగురు మనుషులనుకో. ఆ నరసింహులు ఏం చేస్తాండాడో తెలుసునా? అందరూ ఒక ఇల్లు ముందుకు జరిగితే గరుడ కోపంట. రెండిండ్లు జరిగితే హంస కోపంట. పాట మారిస్తే ఇంకో పేరంట. సరే, గరుడ చేసి హంస చేయ్. ఏమొచ్చింది?"

రంగమ్మ గింజలు జరిపింది. "మూడిండ్లు జరిగినారు."

"అది ఆయప్ప దగ్గర ముందే ఉంది, నెమలి కోపంట. ఇప్పుడు హంస ముందు చేసి, గరుడ తర్వాత చేయ్."

"మళ్లా అదే మూడిండ్లు."

"అదే కదా నేను చెప్తాండేది! ముందూ లేదు, వెనకా లేదు. ఏది ముందు చేసినా ఒకటే. ఎన్ని జతలు కట్టించినా కొత్త దూడ పుట్టదు. నలభై ఉంటేనేం, గొడ్డుమంద మే అది. థూ!"

"నీ మందలో ఎన్నుండాయి?"

"రెండు."

"రెండా!" రంగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మద్దిలేటి నవ్వును పట్టించుకోలేదు. ఆయన రెండు కోపుల్లో మొదటిది సాగుడు. అందరూ కుడివైపుగా ఒక ఇల్లు సాగుతారు. రెండోది దాటుడు. దేవుని ఎదురుగా నిలబడిన జంట మాత్రం ఒకరు లోపలినుంచి, ఒకరు బయటినుంచి చోట్లు మార్చుకుంటారు. ఆయన సాగి దాటించాడు. ఒక తీరు వచ్చింది. గింజలను మొదటికి తెచ్చి దాటి సాగించాడు. ఇంకో తీరు వచ్చింది.

"ఇదీ అదీ ఒకటేనా?"

"కాదు."

"కాదు కదా! ముందూ వెనకా తేడా ఉందంటే ఆ జత ఈనుతుందని అర్థం. ఈ దూడలను మళ్లా ఆ తల్లులతో కలుపు. వాటి దూడలను వీటితో కలుపు."

ఆ మధ్యాహ్నం రొట్టె చల్లారిపోయింది. కొత్త తీరు వచ్చినప్పుడల్లా మద్దిలేటి నేల మీద బొగ్గుతో ఒక గీత గీశాడు. మొదట రెండు, తర్వాత గబగబా పెరిగి, ఇరవై నాలుగు దగ్గర గీతలు నిలిచిపోయాయి. ఆ తర్వాత ఎట్లా కలిపినా పాత తీరే ఏదో ఒకటి వచ్చేది.

"దొడ్డి నిండింది. నాలుగు గింజలకు ఇంతే దొడ్డి. ఎనిమిది మందైతే ఆ దొడ్డికి అవతలి కంప కనపడదు. మంద రెండే రకాలు మే. గొడ్డుది ఒక మూలనే తిరిగి తిరిగి చస్తుంది. ఈనేది దొడ్డి నిండిందాకా ఆగదు."

"ఆ మాట మన బర్రెకు చెప్పిరా. రెండేండ్లుగా ఎదకు రాలేదు" అని రంగమ్మ గింజలు ఊడ్చుకుపోయింది. బొగ్గు గీతలు మాత్రం వారం దాకా పోలేదు. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి రోత పుట్టడానికి అవి బాగా పనికొచ్చాయి.

ఆ పై సంవత్సరం నంద్యాలలో దేవుని ఉత్సవానికి మద్దిలేటి దళానికి పిలుపు వచ్చింది. పల్లకీ ఆగే చోట ఆడాలి. గుడి పెద్ద శేషయ్య మంచివాడే, కానీ పట్టింపులు ఎక్కువ. తాంబూలం చేతిలో పెట్టి ఒక్క మాట అన్నాడు.

"గుంజకు పసుపు పూసి, దేవుని ధ్వజమని పూజ చేస్తాము నాయనా. దాని చుట్టూ ఎడమ తిరుగుడు తిరగరాదు. కుడి తిరుగుడే."

అక్కడే ఉన్న నరసింహులు ఉంగరం తిప్పుకుంటూ నవ్వాడు. "అయితే ఇంగ జడ ఎట్ల విప్పుతాడు సామీ? కుడికి అల్లింది ఎడమకు తిరక్కుంటే ఊడుతుందా? జడ వద్దులే మద్దిలేటప్పా. మామూలు ఆట ఆడు. రెండు కోపులే కదా నీవి, బేగా అయిపోతుంది."

ఆ ‘రెండు’ అనే మాటను అతను రెండు వేళ్లు చూపించి మరీ అన్నాడు. మద్దిలేటి మీసం లేచింది.

"ఎడమకు తిరక్కుండానే విప్పుతా."

"విప్పకపోతే?"

"కత్తెర. నా కోలలు ఆ గుంజ కాడనే దించుతా."

శేషయ్య కంగారుపడ్డాడు. "అంత మాటెందుకు నాయనా..." అప్పటికే మద్దిలేటి తాంబూలం చంకలో పెట్టుకొని అరుగు దిగాడు.

ఆయన ధైర్యానికి ఆధారం ఉంది. అది చింతగింజల్లోనే ఉంది. ఈసారి ఎనిమిది గింజలు గుండ్రంగా పెట్టాడు. వెనక్కి ఒక ఇల్లు పోవాలంటే ఎడమకు తిరగాలి, అది కూడదు. కానీ ముందుకే ఏడిండ్లు పోతే? ఎనిమిదిండ్ల చుట్టులో ముందుకు ఏడు పోయినా చేరేది ఆ వెనకింటికే! దాటిన జంట మళ్లీ ఒకసారి దాటితే ఎవరి చోటికి వాళ్లు వస్తారు. కాబట్టి ప్రతి వెనకడుగుకూ ఏడు ముందడుగులు వేయించి, ప్రతి దాటుడుకూ ఇంకో దాటుడు వేయిస్తే సరి, ఎడమకు తిరక్కుండానే జడ విడిపోతుంది. గింజలతో ఎన్ని సార్లు చేసినా ప్రతి గింజా తన ఇంటికి తప్పిపోకుండా చేరింది.

"వెనక్కి ఒకటి పోయేదీ, ముందుకు ఏడు పోయేదీ ఒకటే మే!" అని ఆయన సంతోషంగా అరిచాడు.

తన నోటినుంచి ఏ మాట వచ్చిందో ఆయన వినలేదు. పొయ్యి ఊదుతున్న రంగమ్మ కూడా వినలేదు. విని ఉంటే వదిలేది కాదు.

కల్లంలో సాధన మొదలైంది. గుడ్డలు లేకుండానే. ఆ వరుసలో అది కూడా కట్టుబాటే. కొత్త గుడ్డలను దేవుని ముందే మొదటిసారి గుంజకు కట్టాలి, సాధనలో వాడితే ఎంగిలి గుడ్డలతో సమానం. ఎనిమిది మంది ఉత్త నడుములతో తిరిగి తిరిగి, చివరికి ఎవరి సున్నపు గుర్తు మీదికి వాళ్లు వచ్చి నిలబడేవాళ్లు. ఒక్కరూ తప్పలేదు. గురుస్వామి మాత్రం ఒకరోజు చెమట తుడుచుకుంటూ అడిగాడు.

"అన్నా, మనుషులం ఇల్లు చేరినాము సరే. పైన గుడ్డ సంగతేంది?"

మద్దిలేటికి అసహ్యం వేసింది. "గుడ్డ మనిషి వెనకాల వస్తుందా, మనిషి గుడ్డ వెనకాల పోతాడా? నడుముకు కట్టుకున్నోడు ఇల్లు చేరినాక కట్టిన గుడ్డ ఇంగ యాడికి పోతుంది? థూ! నడువ్."

గురుస్వామి నడిచాడు. చెయ్యగలిగింది అంతే.

నంద్యాలలో ఆ రోజు జనం మిద్దెల మీదికి కూడా ఎక్కారు. రంగమ్మ రొట్టెల మూట ఒళ్లో పెట్టుకొని ముందు వరుసలో కూర్చుంది. పసుపు పూసిన గుంజ, ఎనిమిది రంగుల కొత్త గుడ్డలు, ఎదురుగా పల్లకీలో దేవుడు. మద్దిలేటి గురువును తలచుకొని కోల మీద కోల కొట్టాడు.

జడ అల్లుకుంటూ దిగుతుంటే జనం నోళ్లు తెరిచారు. రెండు కోపులే. కానీ సాగి దాటి, దాటకుండా సాగి, మళ్లీ సాగి దాటి, ఒకసారి వచ్చిన అల్లిక మళ్లీ రాలేదు. ఎరుపు మీద పచ్చ, పచ్చ మీద నీలి, పాముపొలుసు లాగా ఒకటి, జొన్నకంకి లాగా ఒకటి. నరసింహులు కూడా ఉంగరం తిప్పడం మరిచిపోయాడు. జడ మనిషి తల ఎత్తుకు దిగాక మద్దిలేటి కోలలు పైకెత్తాడు. ఇప్పుడు విప్పాలి.

మొదటి ఏడిండ్లు ముందుకు సాగారు. జంట దాటింది. మళ్లీ ఏడిండ్లు. పైకి చూడకూడదని ఆయన కట్టుబాటు, కాబట్టి ఎవరూ చూడలేదు. చూస్తున్న జనం మాత్రం ముందు గుసగుసలాడి, తర్వాత ముసిముసిగా నవ్వి, తర్వాత పగలబడి నవ్వారు. సాగేకొద్దీ చుట్టు చిన్నదవుతోంది. గుడ్డలు నడుములను లోపలికి లాగుతున్నాయి. మనుషులు కోలలు కొట్టడానికి చోటు చాలక, ఒకరి మోచెయ్యి ఇంకొకరి పక్కటెముకల్లో, ఒకరి కోల ఇంకొకరి బోడిగుండు మీద. అయినా గురువు ఆపలేదు కాబట్టి వాళ్లూ ఆపలేదు. చివరి దాటుడు దాటేసరికి ఎనిమిది మంది ముక్కులూ గుంజకు ఆనుకున్నాయి. పసుపంతా ముక్కులకే అంటుకుంది. కట్టేసిన దూడల్లాగా బుసకొడుతూ నిలబడ్డారు.

"అన్నా, మన ఇండ్లు చేరినాము" అన్నాడు గురుస్వామి, గుంజకు ముఖం ఒత్తుకొనే.

నిజమే. ఎవరి ముందు ఎవరుండాలో, ఎవరి వెనక ఎవరుండాలో, తప్పు లేదు. గింజలు చెప్పిన అబద్ధం ఒక్కటీ లేదు. మద్దిలేటి మొదటిసారి పైకి చూశాడు. జడ విప్పుకోలేదు సరిగదా, రెండింతలు మందమై, మోకు లాగా బిగిసి, గుంజను చుట్టుకొని ఉంది. ముందుకు వేసిన ప్రతి ఏడడుగులూ దాని ఒంటి మీదే ఉన్నాయి.

జనం నవ్వు ఆగాక శేషయ్య దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"పోనీ నాయనా. దేవునికి తెర వేయిస్తా. తెర వెనక ఎడమకు తిరిగి విప్పేసుకోండి. నేను చూడను."

"నేనూ చూడను లేప్పా" అన్నాడు నరసింహులు. ఈసారి వేళ్లు చూపించలేదు. అతని ముఖంలో ఎగతాళి కూడా లేదు. అది మద్దిలేటికి ఇంకా రోత పుట్టించింది.

"తెర దేవునికి వేస్తావు సామీ. నా కండ్లకు ఎవరు వేస్తారు?"

"మద్దిలేటీ..."

"ఎడమకు తిరక్కుండా విప్పుతానన్నా. విప్పలేదు. ఒకటే ఒకటే అనుకొని వచ్చినా. ఛీ! ఇంతకాలం ఏ మాటకైతే ఉమ్మినానో ఆ మాటే నేనన్నా. కత్తెర తెప్పించండి."

ఎవరో దర్జీ దగ్గర నుంచి కత్తెర తెచ్చారు. ఆయన ఇంకొకరి చేతికివ్వలేదు. తనే ఒక్కో గుడ్డా కత్తిరించాడు. ఒక్కొక్కరూ ఊడి వెనక్కి పడ్డారు. తర్వాత ఆ రెండు కోలలు గుంజ మొదట్లో, మట్టిలో పెట్టాడు. పెట్టి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా కాసేపు నిలబడ్డాడు.

రంగమ్మ లేచి వచ్చింది. కోలలు తీసి, కొంగుతో మట్టి తుడిచి, రొట్టెల మూటలో పెట్టుకుంది. "మట్టిలో పారేస్తారా వీటిని? ఛీ ఛీ. దించమన్నారు గానీ పారేయమన్నారా?"

బస్సులో డ్రైవరు బీడీ ముట్టించాడు. పొగ నేరుగా మద్దిలేటి ముఖాన కొట్టింది. ఆయన ‘థూ’ అనలేదు. అప్పుడే గురుస్వామికి భయం వేసింది. డ్రైవరు దగ్గరికి పోయి, "ఇంకొంచెం గట్టిగా వదులప్పా" అని కూడా చెప్పి చూశాడు. లాభం లేకపోయింది.

కొన్నాళ్లకే దళంలో చాలామంది నరసింహులు దగ్గర చేరారు. మద్దిలేటి ఒకరినీ తిట్టలేదు. కత్తిరించిన జడను నంద్యాల నుంచి సంచిలో వేసుకొచ్చి, వసారా దూలానికి వేలాడదీశాడు. సేద్యం చేసి వచ్చి దాని కిందే మంచం వేసుకొని చూస్తూ పడుకునేవాడు. నాలుగు దారాలు ఒక పుల్లకు కట్టి, వాటి కొసలు గింజలకు అంటించి, మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి గింజల వైపు కాదు, దారాల వైపు చూశాడు.

ఒకరోజు ఆయన మంచం మీదినుంచి లేచి కూర్చున్నాడు.

"మే, గింజ ఇల్లు చేరితే అన్నీ మరిచిపోతుంది. యాడికి పోయింది, ఎన్ని చుట్లు తిరిగింది, ఏమీ గుర్తుండదు. గుడ్డ మరవదు. ముందుకు ఏడు పోతే, ఏడు పోయినట్లే ఒంటికి చుట్టుకుంటుంది. గింజలకు దొడ్డి ఉంది, నిండితే ఆగుతుంది. గుడ్డకు దొడ్డి లేదు. ఆ మందకు కంపే లేదు మే, ఈనుతానే ఉంటుంది. దాన్ని వెనక్కి తోలాలంటే వచ్చిన దారిలోనే, చివరి అడుగు ముందు పెట్టించి తోలాల. ఇంకో దారి లేదు."

"ఇది తెలుసుకునేకి ఇన్నాళ్లా? నీ మీద అలిగిన ప్రతిసారీ నాకు ముందు ఏ మాట గుర్తొస్తుంది? చివరన్నదే కదా."

ఆయన ఆమెను చూశాడు. చాలా రోజుల తర్వాత మీసం కదిలింది. "థూ" అన్నాడు. రంగమ్మకు ప్రాణం లేచివచ్చి, బియ్యం లేకపోయినా ఆ రోజు పక్కింట్లో అడిగి అన్నం వండింది.

కోలలు ఇంట్లో ఊరికే వేలాడటం ఆమెకు నచ్చలేదు. పక్కింటి గోవిందమ్మ, ఎదురింటి కమలమ్మ మధ్యాహ్నం పూట వస్తే, వాటిని తీసి రెండడుగులు వేయించింది. మంచం మీదినుంచి మద్దిలేటి చూడలేక కళ్లు మూసుకున్నాడు. మూసుకుంటే చప్పుడు వినపడింది, అది ఇంకా ఘోరం.

"అది దాటుడా? గోవిందమ్మా, బురదలో బర్రె దిగినట్ల దిగుతాండావే! లోపలికి పొమ్మంటే బయటికి పోతావేంది? థూ!"

"నీ మొగుడు మమ్మల్ని ఉమ్ముతాండాడు రంగమ్మా."

"మంచిదే. ఉమ్మినాడంటే చూస్తాండాడని" అంది రంగమ్మ.

అట్లా నోటితోనే నేర్పాడు. కోలలు ముట్టలేదు. చెయ్యి పెట్టి చూపించాల్సిన చోట చింతగింజలు జరిపి చూపించాడు, గింజలు చాలని చోట దారాలు తిప్పాడు. వీధి ఆడవాళ్లంతా అసహ్యించుకుంటూ, అసహ్యించబడుతూ, ఎనిమిది మంది దళమయ్యారు. ఎడమ తిరుగుడు తిరిగి జడ విప్పడం వాళ్లకు బాగా వచ్చింది. కానీ ఆయన మనసంతా నంద్యాల గుంజ దగ్గరే ఉంది. కుడికి తప్ప తిరగకుండా, వచ్చిన దారిలోనే వెనక్కి. ఆ రెండూ కలిసి ఎట్లా కుదురుతాయి?

కుదిర్చింది ఎద్దులబండి. ఒకరోజు మద్దిలేటి దాని చక్రం ఊడదీసి, నేల మీద పడుకోబెట్టి, ఇరుసు రంధ్రంలో కందెన పూస్తున్నాడు. చక్రాన్ని లాగడానికి ఎవరో దాని ఆకుకు, అంటే అడ్డపుల్లకు, కట్టిన తాడు నడుమనున్న చక్రపు కుండ చుట్టూ చుట్టుకొని ఉంది. విప్పడానికి కుండ చుట్టూ నడవాలని లేవబోయి, బద్ధకించి, కూర్చున్నచోటే తాడు కొస పట్టుకొని కుండను తిప్పాడు. తాడు ఊడిపోయింది. చేతిలో కందెనతో ఆయన చాలాసేపు ఆ కుండనే చూశాడు.

"మే! తిరగాల్సింది మనుషులు కాదు, గుంజ!"

1960 ఉత్సవం నాటికి శేషయ్య ముసలివాడయ్యాడు కానీ పట్టింపు మాత్రం తగ్గలేదు. ఆళ్లగడ్డ ఆడవాళ్లు జడ వేస్తారంటే మళ్లీ అదే చెప్పాడు. రంగమ్మ మూటలోనుంచి కోలలు తీసింది.

"ఎడమకు తిరగము సామీ. గుంజను చక్రంలో నిలబెడతాము. మా ఆయన దాన్ని కుడివైపే తిప్పుతాడు. మీ దేవుడు తేరులో తిరుగుతాడు కదా, ఆయన ధ్వజం తిరిగితే తప్పా?"

శేషయ్య ఆలోచించాడు. తప్పు కనపడలేదు. "కత్తెర పడితే ఈసారి నువ్వు దించాలమ్మా. ఇంక ఆ కోలలు ఎవరూ ఎత్తరు" అని మాత్రం గుర్తు చేశాడు.

"తెలుసు సామీ" అంది.

బండిచక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, ఇరుసు రంధ్రంలో గుంజ దిగేశారు. అల్లేటప్పుడు కదలకుండా రాయి అడ్డం పెట్టారు. దేవుని ఎదురుగా ఉన్న ఆకుకు మద్దిలేటి ఒక వేపరెబ్బ కట్టాడు. ఆడవాళ్లు సాగారు, దాటారు. జడ దిగింది. నరసింహులు ఈసారి మొదటి వరుసలోనే కూర్చొని, తెలియకుండా తొడ మీద తాళం వేస్తున్నాడు.

విప్పడం మొదలైంది. చివర దాటిన జంట, దాటిన దారిలోనే వెనక్కి దాటింది. సాగాల్సిన చోట ఎవరూ సాగలేదు. కోలలు కొడుతూ నిలబడ్డారు. మద్దిలేటి గొంతుక్కూర్చొని, రెండు చేతులతో చక్రాన్ని ఒక ఇల్లు కుడికి తోశాడు. వేపరెబ్బ ఒక ఇల్లు జరిగింది. ఇప్పుడు ఆ రెబ్బ దగ్గర నిలబడిన జంట దాటింది. మళ్లీ చక్రం, మళ్లీ జంట. ఆయన పైకి చూస్తూనే ఉన్నాడు. ఈసారి ఆ కట్టుబాటు ఆయనకు లేదు, ఆయన ఆడేవాడు కాదు కదా. ఆ చూపులో భక్తి ఏమీ లేదు. చెల్లని నాణెం తిప్పి తిప్పి చూసేవాడి చూపు అది.

నడుమ ఒకచోట గుడ్డ బిగిసింది. కమలమ్మ నడుము ముందుకు లాగబడింది. జనంలో ఒకరు నవ్వారు. రంగమ్మ చేతిలో కోల ఆగింది.

"లోపలనుంచి కమలమ్మా! లోపలికి పోయినదానివి లోపలనుంచే రావాల! థూ, ఎన్నిసార్లు చెప్పినా!"

కమలమ్మ వెనక్కి పోయి, గోవిందమ్మ లోపలి పక్కనుంచి దాటింది. గుడ్డ వదులైంది. జొన్నకంకి విడిపోయింది, పాముపొలుసు విడిపోయింది. పచ్చ, నీలి, ఎరుపు వేరయ్యాయి. చివరికి ఎనిమిది గుడ్డలూ గుంజ తలనుంచి ఎనిమిది నడుములకు గొడుగు పుల్లల్లాగా చాచుకొని నిలబడ్డాయి. ఎడమకు ఒక్కరూ తిరగలేదు.

జనం అరిచిన అరుపుకు పల్లకీ మోసేవాళ్లు కూడా భుజం మార్చుకోవడం మరిచారు. రంగమ్మ చుట్టులోనుంచి బయటికి వచ్చి, చక్రం పక్కన కూర్చున్న మొగుడి ముందు కోలలు చాచింది.

మద్దిలేటి తను దించిన ఆ కోలలను చూశాడు. చండ్రకర్ర ఇంకా నున్నబడింది. తను రోజూ తుడిచినప్పటికంటే కూడా. తర్వాత తన చేతులు చూసుకున్నాడు. మోచేతుల దాకా నల్లటి కందెన.

"థూ, జిడ్డు. కడుక్కొని వస్తా."

"కడుక్కొని పట్టుకునేదీ, పట్టుకొని కడుక్కునేదీ ఒకటే లేప్పా. పట్టుకో" అన్నాడు నరసింహులు, మనస్ఫూర్తిగానే.

మీసం ఒక వైపు లేచింది.

"ఒకటే ఏందిరా ఒకటే?"

నీళ్ల కోసమని పోయిన మనిషి చాలాసేపు రాలేదు. రంగమ్మ కోలలు తుడిచి మూటలో కట్టేసి, ఆడవాళ్లందరూ బస్సెక్కి కూర్చున్నాకే, శుభ్రమైన చేతులతో, బీడీ పొగను తిట్టుకుంటూ వచ్చాడు.